పాతాయన, కొత్తాయన, కిలో మైసూరుపాకు

మార్కాపురం బజారులో గట్టిగా బేరమాడే మనిషి ఎవరని అడిగితే నా దుకాణమే చూపిస్తారు. అంతటి నేను, ఎన్నడూ చూడని దేశంలో ఎవరో పెద్దమనిషికి ఉద్యోగం ఊడిందని కిలో మైసూరుపాకు కొని, అదీ చెప్పిన ధరకే కొని, బజారంతా పంచాను. ఇంత తెలివితక్కువ పని మా వంశంలో ఇంకెవరూ చేయలేదు. ఆ ఘనత నా ఒక్కడిదే.

ఇది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈ పొద్దున షట్టరు ఎత్తి, అగరొత్తి వెలిగించి, బోణీ కోసం ఎదురుచూస్తూ ఫోను తెరిస్తే, ఆయన స్థానంలో వచ్చినాయనను కూడా తీసేశారని వార్త.

మాది స్టీలు సామాన్ల దుకాణం. పక్కది గడియారాల రిపేరు దుకాణం. అందులో కూర్చునే ఆయన మా నాయనను బావా అంటాడు గనక నాకు మామ, నేను ఆయనకు అల్లుణ్ణి. ఆయన ఇంట్లో ఉర్దూ, మా ఇంట్లో తెలుగు. చుట్టరికం మాత్రం పిలుపుల్లోనే కుదిరిపోయింది. మామ చాలా ఏళ్ళు కువైట్‌లో ఒక హోటలు వంటింట్లో పనిచేసి వచ్చాడు. అక్కణ్ణించి అందరూ కంబళ్ళు, సెంటు సీసాలు తెచ్చుకుంటే ఈయన ఒక ఫుట్‌బాల్ క్లబ్బును వెంటేసుకుని వచ్చాడు. గదిలో ఉన్న మలయాళీలు ఆ పిచ్చి ఆయనకు అంటించారట, ఆయన నాకు అంటించాడు. క్లబ్బు పేరు చెప్పను. చెబితే మిగతా క్లబ్బులవాళ్ళు నా దగ్గర గ్లాసు కూడా కొనరు.

శని, ఆదివారాల్లో సాయంత్రం ఆట ఉంటే మామ తన స్టూలు తెచ్చుకుని మా అరుగు మీద వేసుకునేవాడు. ఫోనును ఒక పెద్ద బిందెలో నిలబెట్టేవాళ్ళం, సగం లోపల, సగం బయట. అరవై వేలమంది అరుపులు ఆ బిందెలోంచి గుమ్మని లేచేవి. ఒకసారి మావాళ్ళకు పెనాల్టీ వచ్చిన క్షణాన పెద్దారవీడు నుంచి వచ్చిన ఒక అవ్వ, చుట్టూ ఇరవై బిందెలుంటే, "నాకు ఆ మోగే బిందే కావాల నాయనా, గట్టిది మాదిరుంది" అని పట్టుబట్టింది. ఫోను బయటికి తీసి, తుడిచి, బేరమాడి, కట్టి ఇచ్చేసరికి గోలు పడిపోయింది. మామ చూశాడు. నేను ఇరవై రూపాయలు ఎక్కువకు అమ్మాను. ఎవరి లాభం వాళ్ళది.

అప్పట్లో మేనేజరు, అంటే జట్టును ఆడించే పెద్దమనిషి, పాతాయన. తెల్లజుట్టు, నలిగిన కోటు, చేతులు జేబుల్లోంచి తీయడు. గోలు పడినా అదే మొహం, గోలు తిన్నా అదే మొహం. నాకు ఆయన పొడ గిట్టేది కాదు. మేనేజరంటే దుకాణదారు లెక్కనే కదా అని నా వాదన.

"నోరు తెరవడేంది మామా ఆయన? అట్ల నిలబడితే నా దుకాణంలో చెంచా కూడా అమ్ముడుపోదు."

"మీ నాయన ఎన్నడన్నా నోరు తెరిచినాడా? అమ్మలేదా?" అనేవాడు మామ.

వెనక కుర్చీలో నాయన పేపరు పేజీ తిప్పేవాడు. నా కష్టం ఏ మేనేజరుకూ రాకూడదు. ఫుట్‌బాల్‌లో కొత్తవాడు వస్తే పాతవాణ్ణి ఇంటికి పంపిస్తారు. నా దుకాణంలో పాతాయన వెనకే కూర్చుని ఉంటాడు, వచ్చినవాళ్ళంతా "మీ నాయనయితే తగ్గించేవాడు" అని నాకు వినిపించి పోతారు. నిజానికి నాయన ఎవరికీ పైసా తగ్గించింది లేదు.

నా లెక్కలో ఒక గొప్ప లోపం ఉంది. అర్ధరాత్రి ఆటలు నేను చూడను, పొద్దున షట్టరు ఎత్తాలి. మామ అన్నీ చూస్తాడు. పాతాయన ఖర్మమేందో గానీ సాయంత్రాలు ఓడి, అర్ధరాత్రులు గెలిచేవాడు. పొద్దున ఫోన్లో గెలిచారని చూసినా నాకు ఆనేది కాదు. కళ్ళారా చూడని గెలుపు నాకు ఊళ్ళో వేరేవాళ్ళ దుకాణంలో జరిగిన అమ్మకంతో సమానం.

అట్లాంటిది ఒకరోజు ఆయనను తీసేశారు. కొత్తాయన ఫొటో చూస్తే నోరు తెరిచి, చెయ్యెత్తి, అచ్చం సంతలో వేలంపాట పాడేవాడిలా ఉన్నాడు. ఇంకేం కావాలి? మైసూరుపాకు తెచ్చాను. మొదటి ముక్క మామకే ఇచ్చాను.

మామ కంటికున్న భూతద్దం తీసి ఆ ముక్క వైపు కాసేపు చూశాడు. కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. ఆ వారం ఆటకు స్టూలు రాలేదు. తరవాతి వారమూ రాలేదు.

నేను పోయి అడగొచ్చు. కానీ బేరంలో ముందు నోరు తెరిచినవాడు ఓడతాడని పుట్టినప్పటినుంచి నేర్చుకున్నవాణ్ణి. టీ పంపితే తాగి గ్లాసు కడిగి పంపేవాడు. మర్నాడు ఆయన పంపిన టీ నేనూ అట్లాగే తాగేవాణ్ణి. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడకు అటు ఆయనా, ఇటు నేనూ అదే ఆట చూసేవాళ్ళం. ఆయన ఫోన్లో ఆట నా ఫోన్లో కంటే కొంచెం ముందు నడిచేది. నా బిందెలో మావాడు ఇంకా బంతి తీసుకుని పరిగెత్తుతుండగానే గోడ అవతల "అరెరె" అని వినబడేది. ఇక ఆ గోలు పడదని నాకు తెలిసిపోయేది. కొత్తాయన సీజనంతా నేను ఆ అరెరెలతోనే చూశాను. ఆయన గట్టిగానే అరిచాడు పాపం, బంతికి వినబడలేదు.

ఈ పొద్దున వార్త చదివాక బోణీ కాకుండానే లేచి పక్క దుకాణానికి పోయాను. "ఏం రా, యాడికి?" అన్నాడు నాయన వెనకనుంచి. ఓడిపోవడానికని చెప్పలేదు.

"చూసినావా మామా, కొత్తాయన్నీ పంపించినారు. పాతాయనే నయం."

సంతోషిస్తాడనుకున్నాను. మామ చేతిలోని గడియారం బల్ల మీద పెట్టాడు.

"అట్ల అనబాక అల్లుడూ. పోయినాడు కదా, ఈయన కూడా పాతాయనే ఇప్పుడు."

భూతద్దం తీసి తుడిచాడు. తరవాత ఆయనే అన్నాడు. "హోటల్లో నన్ను పనిలోంచి తీసి పంపిన రోజు, కొత్త వంటాయన వచ్చినాడని కేకు కోసినారు. అంతా నా చేతి అన్నం తిన్న పిల్లోళ్ళే. నాకూ ఒక ముక్క ఇచ్చినారు. మొదటి ముక్క."

కువైట్ నుంచి ఆయనంతట ఆయనే వచ్చేశాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. బజారంతా అదే అనుకుంది. మైసూరుపాకు మొదటి ముక్క అందించిన నా చెయ్యిని వెనక్కి పెట్టుకున్నాను.

"ఆదివారం ఆట ఎన్ని గంటలకు?" అన్నాడు మామ.

"అయిదున్నరకంట."

"ఎవరు వస్తున్నారంట?"

"ఇంకా చెప్పలేదు."

"ఎవరొచ్చినా స్వీట్లు కొనబాక. స్టూలు తీసుకొస్తా."

దుకాణానికి తిరిగొచ్చి కూర్చుని, అలవాటు కొద్దీ లెక్క వేసుకున్నాను. మైసూరుపాకు ఒక కిలో, అది బజారు తిన్నది. పాతాయన నేను నిద్రపోతుండగా గెలిచిన ఆటలు, అవి నేను చూడకపోయినా ఆయనవే. కొత్తాయన అరిచిన అరుపులు, వాటి బాకీ ఏదో ఆయనే ఉద్యోగంతో తీర్చి పోయాడు. మిగిలింది అరుగు మీద స్టూలు లేని ఒక సీజను సాయంత్రాలు. అవి మాత్రం నా ఖర్చు. ఎట్లా తిప్పి లెక్క వేసినా, ఒక్క సాయంత్రం కూడా తగ్గలేదు.