‘నమ్మినవా?’ అని అడిగే సార్

సూర్యాపేటలో మాకు ఫోన్ యాప్‌లు రాయడం నేర్పిన సార్, పాఠం చివర్లో అందరిలా "సమజైందా?" అనేవారు కాదు. "నమ్మినవా?" అని అడిగేవారు. మేం నవ్వుకుంటూ "నమ్మినం సార్" అనేవాళ్లం.

మొదటి స్క్రీన్‌లో కొట్టిన పేరు రెండో స్క్రీన్‌లో కనబడాలంటే, దాన్ని రెండింటికీ అందే ఒకచోట దాచిపెట్టమని నేర్పారు. క్లాసు కంప్యూటర్లో అది ఎప్పుడూ పనిచేసింది.

కోర్సు అయిపోయిన ఏడాదికి, కోదాడలో నేను పెట్టుకున్న సెల్‌ఫోన్ షాపుకు సార్ మిట్టమధ్యాహ్నం వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నేను తప్పు చెప్పిన్రా. మెమరీ తక్కువున్న ఫోన్ల యాప్ వాడుతుంటె కాల్ వస్తే, ఫోనే యాప్‌ను ఖతం చేస్తది. వెనక్కొచ్చి సూస్తే స్క్రీన్ ఉంటది, దాచిన పేరుండదు. రెండో స్క్రీన్‌ను తెరిచేటప్పుడే పేరు దాని చేతికియ్యాలె. మిర్యాలగూడ పోయి ఆడున్న మీ బ్యాచోళ్లకు గూడ చెప్పొచ్చిన."

"దానికింత దూరం రావాలా సార్? ఫోన్ చేస్తే సరిపోయేదిగా."

"తప్పు మీ ముంగట నిలబడి చెప్పిన. ఒప్పు ఫోన్ల చెప్పాల్నా?"

కోడ్ రాయడం నేను ఎప్పుడో మానేశాను. నా దగ్గర కంప్యూటర్ కూడా లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. వీపుకు అతుక్కుపోయిన ఆయన చొక్కా చూశాక బయటికి రాలేదు.

"సరే సార్, ఇవాళే మార్చేస్తాను" అన్నాను.

సార్ ముఖం తేటపడింది. ఆ ఒక్కసారి మాత్రం "నమ్మినవా?" అని అడగలేదు. ఆయనే నమ్మి, సూర్యాపేట బస్సెక్కారు.