కడిగిన చేప

ఒంటిగంట కొట్టగానే రికార్డుల గది గుమాస్తా ట్యూనా చేప డబ్బా మూత లాగుతాడు. డాక్టరు నూనె మానమన్నప్పటి నుంచి అతనికి ఇదే భోజనం. నీళ్లలో నిల్వచేసిన చేపే కొన్నా అనుమానం పోదు. జల్లెడలో వేసి మూడుసార్లు కడుగుతాడు, ఒక్కో ముక్కనూ పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు గుడ్డతో మెత్తగా అద్దుతాడు, నిమ్మరసం, కీరా ముక్కలు కలిపి కళ్లు మూసుకుని నములుతాడు. ఆ వాసన భరించలేక, అతన్ని కుళాయి కూడా లేని నేలమాళిగకు మార్చమని ఆఫీసంతా అర్జీ పెట్టింది. ఇవాళ మేనేజరే ఆ అర్జీ పట్టుకుని వచ్చాడు.

"ఏమయ్యా, కంపు కొడుతోందట?"

"కంపు కాదు సార్, ఆరోగ్యం," అన్నాడు గుమాస్తా, ముక్క అద్దుతూనే.

మేనేజరు అటూ ఇటూ చూసి తలుపు వేశాడు. అర్జీని మడిచి జేబులో పెట్టుకుని, రెండో జేబులోంచి ఓ డబ్బా తీశాడు.

"నాది నూనెలోది. ఎన్నిసార్లు కడగాలి?"

గుమాస్తా అతని పొట్ట వంక కాసేపు చూశాడు.

"మీకైతే ఆరుసార్లు సార్. ముందు చేతులు కడుక్కుని రండి."