ఆఖరి చెయ్యి

ఆ వర్క్‌షాపులో ఆమెను అందరూ గీతలక్క అంటారు. పేరు పెట్టింది వెల్డరు. లిఫ్టు తలుపులకీ, కౌంటర్లకీ, గోడలకీ బిగించే స్టీలు రేకుల మీద సన్నటి గీతలు తీయడం ఆమె పని. వెంట్రుకంత సన్నంగా, ఒకదాని పక్కన ఒకటి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. ముక్కు ఆనించి చూస్తే తప్ప అవి గీతలని తెలియదు. దూరం నుంచి చూసేవాళ్లకు స్టీలు తళతళలాడకుండా, ఉతికి ఆరేసిన గుడ్డలా మెత్తగా కనిపిస్తుంది.

మొదట ఆమె అక్కడ ఊడ్చే మనిషి. ఇరవై రెండేళ్ల వయసులో అన్న తీసుకొచ్చి పనిలో పెట్టాడు. అప్పటికే ఆయన పాలిష్ మేస్త్రీ. టేబుళ్ల కింద నల్లటి పొడి ఊడుస్తూ, అరిగిపోయి పారేసిన గరుకు పీచు ముక్కలు ఏరి దాచుకునేది. మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు తుక్కు రేకుల మీద చెయ్యి తిప్పుకునేది. ఒకరోజు ఓనరు ఆ తుక్కులోంచి ఒక ముక్క తీసి వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఇదెవరు చేశారు?"

"మా చెల్లెలు సార్. నేనే నేర్పాను," అన్నాడు అన్న.

ఆయన నేర్పింది ఏమీ లేదు. అడ్డు చెప్పలేదంతే. అడ్డు చెప్పకపోవడం కూడా నేర్పడం కిందకే వస్తుందని ఆమె అప్పట్లో అనుకుంది.

పని రెండు అంచెలుగా సాగుతుంది. ముందు బెల్టు. గరుకు కాగితం అతికిన పట్టా మిషను మీద గిర్రున తిరుగుతుంటే దాని కింద రేకును నడిపిస్తారు. అతుకులు, గుంటలు, పాత గీరలు అక్కడ పోతాయి. తర్వాత చెయ్యి. చెక్కదిమ్మకు పీచు చుట్టి, రెండు చేతులతో పట్టుకుని, రేకు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే ఊపున లాగాలి. మధ్యలో ఆగితే ఆగినచోట మచ్చ పడుతుంది. ఒక పక్క ఎక్కువ నొక్కితే ఆ పక్క నల్లబడుతుంది. రేకు మనిషికన్నా పొడవుంటుంది కాబట్టి దిమ్మతోపాటు తానూ నడవాలి. కొస దాటి ఇంకో అడుగు వేశాకే చెయ్యి ఎత్తాలి. అలా రోజుకు ఎన్నిసార్లు నడిచేదో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. కొన్నాళ్లకు వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. గుమ్మం దగ్గర పెట్టిన హాజరు మిషను ఆమె బొటనవేలిని గుర్తుపట్టలేదు. ఆమె ఒక్కదాని చేత పుస్తకంలో సంతకం పెట్టించుకునేవారు.

"నువ్వు దొంగతనానికి వెళ్తే పట్టుకోలేరే," అనేవాడు మొగుడు. అతను వ్యాను నడుపుతాడు.

"ఎత్తుకెళ్లడానికి ఏముందిక్కడ, తుక్కు తప్ప!"

ఆరేళ్ల కిందట అన్నకు మోకాలు పట్టేసింది. నడక తగ్గింది. కొసకు వచ్చేసరికి ఆ ఆఖరి అడుగు వెయ్యకుండా చెయ్యి చాచేసేవాడు. చెయ్యి చాస్తే మోచేయి తిరుగుతుంది, మోచేయితో పాటు గీత తిరుగుతుంది. అంతదూరం తిన్నగా వచ్చిన గీతలన్నీ కొసన జానెడు మేర ఒక పక్కకు వంగేవి. షాపులో వాటిని తోకలనేవారు. ఒక హోటలు వాళ్లు తోకలున్నాయని రెండు రేకులు తిప్పి పంపారు. ఇంకోసారి ఇలా జరిగితే ఇంట్లో కూర్చోవచ్చని ఓనరు మేస్త్రీ ముఖం మీదే అన్నాడు.

ఆ సాయంత్రం వదిన వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "ఆయనకి ఆ పని తప్ప ఇంకేం వచ్చు చెప్పు? నువ్వే చూసుకోవాలమ్మా," అంది.

ఆమె చూసుకుంది. అన్న తన రేకులు తెచ్చి ఆమె టేబుల్‌కు ఆనించి, "తుడిచి ప్లాస్టిక్ అంటించు," అని వెళ్లిపోయేవాడు. ఆమె తుడిచి, తోకలు తీసి, పైన ప్లాస్టిక్ పొర అంటించేది. తోకలు తీయడమంటే కొసన ఉన్న జానెడు సరిచేయడం కాదు. అక్కడి నుంచి మొదలుపెడితే మొదలుపెట్టినచోటు కనిపిస్తుంది. రేకంతా మళ్లీ ఈ కొస నుంచి ఆ కొసకు గీయాల్సిందే. కాబట్టి ఆరేళ్లుగా అన్న చేతి నుంచి వచ్చిన ప్రతి రేకు మీదా పైకి కనిపించేది ఆమె గీతే. అన్న ఎప్పుడూ ఏమీ అనలేదు, ఆమె కూడా చెప్పలేదు. మధ్యాహ్నం భోజనం చల్లారిపోయేది.

ఈ ఏడాది చివరికి మేస్త్రీ మానేస్తాడని అందరికీ తెలుసు. ఒక పెద్ద ఆఫీసు భవనానికి పన్నెండు లిఫ్టు తలుపుల పని వచ్చినప్పుడు ఓనరు ఆమెను పిలిచాడు.

"ఈ పని సవ్యంగా దాటించు. తర్వాత మేస్త్రీ ఎవరంటే నా మనసులో నువ్వే ఉన్నావు."

ఆమె తలూపి వచ్చేసింది. ఇంటికెళ్లి మొగుడికి చెప్పేటప్పుడు మాత్రం ఆ మాటలు ఓనరు అన్నవి అన్నట్టే రెండుసార్లు చెప్పింది. మేస్త్రీ అయితే రేకు వెనక అంటించే చీటీ మీద ఆమె పేరు ఉంటుంది. ఇరవై నాలుగేళ్లలో ఏ చీటీ మీదా అది లేదు.

అదే వారం ఒక ఇనప గేటు తొందర పని మీద వచ్చింది. ఆ షాపులో ఇనుముకు వాడే బెల్టులు తలుపు పక్క మేకులకు, స్టీలువి లోపలి గోడకు వేలాడతాయి. ఇనుమును కొరికిన బెల్టులో ఇనప పొడి ఇరుక్కుని ఉంటుంది. దాన్ని స్టీలు మీద నడిపితే ఆ పొడి గీతల్లో దిగబడిపోతుంది. ఆ రోజు ఏమీ కనపడదు. తడి తగిలిన కొన్నాళ్లకు తుప్పు పొక్కుతుంది. పైపైన పీచు లాగినంత మాత్రాన అది రాదు.

గేటు పని అయిన మధ్యాహ్నం అన్న మిషను మీదకు లిఫ్టు రేకు ఎక్కించాడు. ఆమె తన టేబుల్ దగ్గర నుంచి చూసింది. బెల్టు తలుపు పక్క నుంచి తీసినట్టనిపించింది.

"అన్నయ్యా, అది గేటుకి వాడిన బెల్టు కాదు కదా?"

"నీకు నేను చెప్పాలా, నాకు నువ్వు చెప్పాలా?"

"అడిగానంతే."

"అడిగే రోజు వచ్చినప్పుడు అడుగుదువుగాని. ముందు నీ టేబుల్ చూసుకో."

వెల్డరు ముసుగు పైకెత్తి, "మేస్త్రీ, జాగ్రత్త. రేపు సెలవు కావాలన్నా చెల్లెల్నే అడుక్కోవాలి," అన్నాడు.

"అప్పటిదాకా నువ్వు ఉద్యోగంలో ఉంటే చూద్దువుగానిలే!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అనిపించడం వేరు, కళ్లారా చూడటం వేరు అని తనకు తానే నచ్చజెప్పుకుంది. ఆ రేకు ఆమె టేబుల్‌కు వచ్చినప్పుడు తోకలు తీసింది, ప్లాస్టిక్ అంటించింది. ఆ పన్నెండింట్లో ఏడు అన్నవి, బెల్టు మార్చకుండా వరుసగా నడిపినవి. ఏడింటికీ అంతే చేసింది.

తలుపులు బిగించిన మూడు వారాలకు ఆ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మర్నాడు ఓనరు ఒక రేకును విప్పించి వ్యానులో తెచ్చాడు. పెద్ద టేబుల్ మీద పడుకోబెట్టారు. కింది భాగమంతా, నేల తుడిచే నీళ్లు చిందేంత ఎత్తు వరకూ, ఆవాలు చల్లినట్టు ఎర్రటి చుక్కలు. చుక్కలన్నీ గీతల వెంట వరుసగా ఉన్నాయి.

"బెల్టు ఎవరు నడిపారు?" అన్నాడు ఓనరు.

"అన్నీ ఇద్దరం కలిసి చేసినవే సార్. ఏది ఎవరిదో ఎలా చెప్తాం?" అన్నాడు అన్న.

"లైటు పెడితే నేను చెప్తాను. మీ గీతకి తోక ఉంటుంది. నాకు తెలియదనుకున్నారా?"

చేతిదీపాన్ని రేకుకు ఆనించి అడ్డంగా పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"తోక లేదు. చివరిదాకా తిన్నగా ఉంది. ఇది మేస్త్రీది కాదు."

ఓనరు ఆమె వైపు తిరిగాడు. అన్న రేకు వైపే చూస్తున్నాడు. ఆయన చెప్తాడేమోనని ఆమె కాసేపు ఆగింది.

"బెల్టు పని అన్నయ్యది సార్. పైన గీత నాది."

"పైన గీత నీదంటే?"

"తోకలు తీశాను."

"ఎన్నింటికి?"

"వీటిలో ఏడింటికి."

"అంతకు ముందు?"

వెల్డరు మంట ఆపేశాడు.

"నిన్నే. అంతకు ముందు?"

"అన్నింటికీ సార్. ఆరేళ్లుగా."

అన్న అప్పుడు తలెత్తాడు. గట్టిగా అరవలేదు.

"నేను అడిగానా?"

"అన్నయ్యా..."

"నా రేకు మీద చెయ్యి వెయ్యమని ఎప్పుడైనా నోరు తెరిచి అడిగానా? చెప్పు, అందరూ ఉన్నారుగా. బాగున్నన్నాళ్లూ గీత నీది, తుప్పు పట్టేసరికి బెల్టు నాదా?"

ఆయన అడగలేదన్నది నిజమే. అడిగింది వదిన. ఆ మాట ఇక్కడ ఎత్తడం ఆమెకు చేతకాలేదు.

ఓనరు దీపం ఆర్పాడు. "బెల్టు మారిందని నీకు అనుమానం వచ్చిందా, లేదా?"

రాలేదంటే సరిపోయేది. ఇంటికెళ్లాక మొగుడు అదే అన్నాడు. కానీ ఆమె ఎదురుగా రేకు ఉంది, దాని మీద తన చేతి గీత ఉంది.

"వచ్చింది సార్."

"వస్తే?"

"అడిగాను. కసిరాడు."

"కసిరితే నోరు మూసుకుని ప్లాస్టిక్ అంటించి పంపేశావు." ఆయన గొంతులో కోపం కూడా లేదు. "ఈ షాపులో రేకు మీద ఆఖరి చెయ్యి ఎవరిదైతే రేకు వాళ్లది. ఈ రూలు పెట్టింది కూడా మీ అన్నయ్యే."

కొత్త మేస్త్రీ సంగతి తర్వాత చూద్దామన్నాడు. తర్వాత అంటే ఎప్పుడని ఎవరూ అడగలేదు. ఏడాది చివర మానేయాల్సిన అన్నను ఇంకో రెండేళ్లు ఉండమన్నాడని ఆమెకు వారం తర్వాత వెల్డరు చెప్పాడు.

మిగిలిన ఆరు రేకుల మీది తుప్పు తీయడానికి ఆమెనే పంపారు. తలుపులు నిలబడి ఉంటాయి కాబట్టి పై నుంచి కిందికి గీయాలి. మెట్ల స్టూలెక్కి మొదలుపెట్టి, గీత ఆగకుండా మెట్టు మెట్టు దిగుతూ నేల దాకా లాగేది. ముందు తుప్పు తీసే మందు పూయడం, తర్వాత నీళ్లతో కడగడం, ఆరాక గీయడం. ఆఫీసు వాళ్లు వస్తూ పోతూ, "ఇంకా ఎన్నాళ్లమ్మా? మెట్లెక్కలేక చస్తున్నాం," అనేవారు. తొమ్మిది రోజులు పట్టింది.

పదో రోజు వదిన మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికొచ్చి కూర్చుంది.

"రెండు వారాలుగా మనిషి సరిగ్గా తినట్లేదు. నలుగురిలో తోకలూ అదీ అని అలా తీసిపారేయాలా? అన్న కదా."

"నువ్వే కదా వదినా చూసుకోమన్నావు."

"చూసుకోమన్నాను. చెప్పుకోమన్నానా?"

మొగుడు లోపలి గదిలోంచి ఏదో అనబోయి దగ్గాడు. వదిన మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది.

నెల తిరక్కముందే అన్న ఒక రేకు తెచ్చి ఆమె టేబుల్‌కు ఆనించాడు. ఒక కంటి ఆసుపత్రి కౌంటరుకు ముందు పక్క బిగించేది. ఇద్దరూ ఆ మధ్య మాట్లాడుకోవడం లేదు. అయినా అలవాటుగా, "తుడిచి ప్లాస్టిక్ అంటించు," అన్నాడు. కాసేపు అక్కడే నిలబడి, మోకాలు పట్టుకుని, వెళ్లిపోయాడు.

ఆమె తుడిచింది. తోకలున్నాయి. ఇదివరకటికన్నా పొడుగ్గా, జానెడున్నర ఉన్నాయి. పీచు చుట్టిన దిమ్మ చేతికందే దూరంలోనే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఈ రేకు మీద ఆఖరి చెయ్యి ఆయనదే ఉండనీ అనుకుంది. ప్లాస్టిక్ అంటించి, గాలి బుడగలు అరచేత్తో నొక్కి, గీత ఎటు నడుస్తుందో బాణం గుర్తు వేసి పక్కన పెట్టేసింది. భోజనానికి వెళ్తే అన్నం ఇంకా వేడిగానే ఉంది. ఆమెకు సయించలేదు.

రేకు తిరిగొస్తుందని ఆమె ఎదురుచూసింది. రావాలని కోరుకుందో రాకూడదని కోరుకుందో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. బిగించేరోజు ఫిట్టరుకు తోడు మనిషి తక్కువైతే తానే బయల్దేరింది.

కౌంటరు కిటికీ ఎదురుగా ఉంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. దాచడానికి అంతకన్నా చెడ్డ చోటు ఇంకోటి దొరకదు. ఫిట్టరు మూల పట్టుకుని ప్లాస్టిక్ చర్రున లాగాడు. కుడివైపు కొసన గీతలన్నీ కలిసికట్టుగా కిందికి ఒంగి ఉన్నాయి. ఫిట్టరు కళ్లు చిట్లించి ఆమె వైపు చూశాడు. ఆమె స్క్రూల డబ్బా సర్దుకుంటున్నట్టు కిందికి వంగింది.

కౌంటరు వెనక కూర్చునే మేడమ్ లేచి ముందుకు వచ్చింది. రేకు మీద చెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు రాస్తూ నడిచింది.

"ఇదేంటండీ, చివర్లో ఇలా తిరిగింది?"

ఫిట్టరు "డిజైనండీ," అనేశాడు.

"అదే అనుకున్నా. నీళ్లు జారినట్టు భలే ఉంది. అటు పక్కది మామూలుగా ఉందేం? దానికీ ఇలాగే చెయ్యండి."

అటు పక్క రేకు ఆమె చేసింది. అంచు నుంచి అంచు దాకా తిన్నగా ఉంది. మేడమ్ దాని వైపు వేలు చూపించి, వెళ్లి మళ్లీ తన కుర్చీలో కూర్చుంది.

ఫిట్టరు నవ్వు ఆపుకోలేక తంటాలు పడుతున్నాడు. దగ్గరికి జరిగి, "అక్కా, విన్నావా? నీ రేకు విప్పి తీసుకెళ్దాం. నువ్వు చేసిచ్చేస్తే సాయంత్రం మళ్లీ బిగించేస్తాను," అన్నాడు.

"నాకు రాదు," అంది ఆమె.

"నీకు రాకపోవడమేంటి?"

"చెయ్యి తిరగదు అలా." స్క్రూడ్రైవరు అందుకుని తన రేకు దగ్గర కూర్చుని మొదటి స్క్రూ విప్పడం మొదలుపెట్టింది. "అన్నయ్యకి నువ్వే చెప్పు. ఆయనదే కావాలన్నారని చెప్పు."