కుళ్ళని కోడి

ఓక్లహోమాలో ఆ చుట్టుపక్కల చమురు బావి తవ్వాలంటే ముందు లోరీనా యహోలా కోళ్ళు కుళ్ళాలి.

ఇరవై రెండేళ్ళు బడిపిల్లలకు వండిపెట్టిన చెయ్యి ఆమెది. ఇప్పుడు పురుగులకు వడ్డిస్తోంది. కోడిముక్కలు బకెట్లో వేసి, మూత బిగించి, నాలుగు రోజులు మండుటెండలో పెడుతుంది. ఆ కంపుకు, చచ్చిన పిట్టల్ని పాతిపెట్టి వాటి మీద పిల్లల్ని పెంచుకునే ఓ నల్లపురుగు వస్తుంది. మెడ మీద నారింజరంగు మచ్చ. ఇప్పుడు బాగా అరుదైపోయింది, అది ఉన్నచోట తవ్వకూడదని చట్టం. తవ్వబోయే చోట అది ఉందో లేదో ఐదు రోజులు చూసి చెప్పడం లోరీనా పని. కంపుకు ఆమె ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. రోజుల లెక్కే ఆధారం.

ఈ జూన్‌లో ఎనిమిది డబ్బాలు మూతి తెరిచి నేలమట్టానికి పాతి, వాటిలో ముక్కలు పెట్టింది. రెండు రోజులు పొద్దున్నే వెళ్ళి చూస్తే అన్నీ ఖాళీ. కంపెనీ కుర్రాడు వెండెల్ మొహం వెలిగిపోయింది. ఇంకో మూడు రోజులు ఇలాగే గడిస్తే యంత్రం దింపేయొచ్చు.

లోరీనాకు మాత్రం మనసొప్పలేదు. ఆ పురుగు రాకపోతే పోనీ, ఎక్కడ పడితే అక్కడ ఉండే మామూలు పురుగులైనా రావాలిగా? ఈగైనా వాలలేదేం? ముక్కను వేలితో నొక్కి చూసింది. నిన్నటిదాకా పొయ్యి మీద పెట్టుకోగలిగినంత గట్టిగా ఉంది. నాలుగు రోజులు ఎండలో మగ్గినదైతే అలా ఉండదు.

ఇంటికెళ్ళి భర్త ఏమస్‌ను నిలదీసింది. ఆయన నసిగి నసిగి బయటపెట్టాడు. కూతురి అత్తమామలు వచ్చిన మూడు రోజులూ, చుట్టాల హడావిడిలో ఆమె అటు చూడదని, బకెట్‌ను కొట్టంలోని ఫ్రీజర్లో దాచి, నాలుగో రోజు పొద్దున్నే మళ్ళీ ఎండలో పెట్టాడట.

“వియ్యాలవారు గుమ్మంలోనే ముక్కు మూసుకుంటే బాగుండేదా?”

“ముప్పై ఏళ్ళ కాపురంలో నా వంటలో ఇప్పుడే వేలు పెట్టావు. మహానుభావుడివి,” అంటూనే ఆమెకు నవ్వాగలేదు.

కానీ వెండెల్‌కి చెప్పాలి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పురుగు లేదని రాసే కాగితం మీద సంతకం మాత్రం తనది. మర్నాడు జరిగింది జరిగినట్టు చెప్పి, మళ్ళీ మొదలుపెట్టాలంది. అంటే ఇంకో తొమ్మిది రోజులు. వెండెల్ నీరుగారిపోయాడు.

“ఖాళీ అంటే ఖాళీయే కదండీ?”

“పిలవకుండానే చుట్టాలు రాలేదని రాసేస్తామా, నాయనా? పిలిచి చూద్దాం. అప్పుడూ రాకపోతే రాలేదనే రాస్తాను.”

వెండెల్ తల గోక్కుని, పైవాళ్ళకు ఫోన్ చేశాడు. ఏం తిట్లు తిన్నాడో గానీ ఒప్పించాడు.

ఈసారి కోడి పద్ధతిగా కుళ్ళింది. రెండో పొద్దున మూడో డబ్బాలోకి తొంగిచూస్తే లోపలంతా కదులుతోంది. మామూలు పురుగులు ఓ పాతిక. వాటి మధ్య బొటనవేలంత నల్లటిది, మెడ మీద నారింజమచ్చతో. లోరీనా దాన్ని తీసి వెండెల్ అరచేతిలో పెట్టింది. అది కిచకిచమంది. ఇక బావి, ఈ పురుగు ఉండని చోటికి, వాగు అవతల దున్నిన పొలంలోకి జరగాల్సిందే. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా చెయ్యి కదపకుండా దాన్నే చూస్తున్నాడు.

దాన్ని గడ్డి నీడలో వదిలితే క్షణంలో మట్టిలోకి దూరిపోయింది. వెండెల్ లేచి, ముక్కు మూసుకోవడం కూడా మరిచిపోయి, నాలుగో డబ్బా వైపు ఆమెకంటే ముందే నడిచాడు.