తిట్లకు నోచుకోని హీరోయిన్

ఆ రోజుల్లో నాటకాలాడేవాడికి పిల్లనిచ్చేవాళ్ళు లేరు గాని, పద్యం బాగా పాడితే మళ్ళీ పాడమంటూ ‘వన్స్ మోర్’లు మాత్రం ధారాళంగా ఇచ్చేవాళ్ళు. ఆ రెండు మాటలు తప్ప ఇంగ్లీషు ముక్క రానివాళ్ళు కూడా గొంతు చించుకుని అరిచేవాళ్ళు. నేను కంపెనీలో ఆడవేషాలు వేసేవాణ్ణి (మీసం అప్పటికింకా మొహమాటపడుతూ ఉండేది). మా నాయన మాత్రం ఖండితంగా చెప్పేశాడు: “ఉగాది లోపల నీ పేరు గోడమీద పోస్టర్లో కనపడాల. లేకుంటే శెనక్కాయ చేనికి వచ్చేయాల.”

బాగేపల్లిలో మా డేరా సగం కూడా నిండలేదు. మర్నాడు మా హీరో, రాజాపార్టు మామ, బస్సుల దగ్గర కాఫీ తాగుతూ పదిమందికీ వినపడేలా అన్నాడు: “చింతామణికి పోతాండాము. ఏం లాభమప్పా! ఆ ఊరోళ్ళకు వన్స్ మోర్ యాడ అనాలో తెలీదు.” ఆ మాట మాకంటే ముందే బస్సెక్కి చింతామణి చేరింది. మేం దిగేసరికి ఊరు ఊరంతా భగ్గుమంటోంది. “మాకు తెలీదంటాడా!” అంటూనే టికెట్లకు ఎగబడ్డారు. ఒక్కరూ వన్స్ మోర్ అనకూడదని కట్టుబాటు కూడా చేసుకున్నారు. మామ పద్యం అందుకుంటే అందరూ మూతులు బిగించి కూర్చున్నారు. చివరికి ఆ కట్టుబాటు పెట్టిన ముసలి పెద్దమనిషే కళ్ళు తుడుచుకుంటూ “ఒన్సు మోరప్పా!” అనేశాడు. ఇంక డేరా దద్దరిల్లింది. (కోపంతో తెచ్చుకున్న పుచ్చు వంకాయలు ఊరికే పోకూడదని నా మీద వేశారు.) ఆ తర్వాత పోస్టర్లలో మామ పేరు నా తలకాయంత అక్షరాల్లో పడింది.

కిటుకు దొరికిందని మురిసిపోయాను. తర్వాతి మకాం కెంచార్లహళ్ళి. అంగడి ముందర నిలబడి, “ఈ ఊరోళ్ళకు పాట వినే చెవుల్లేవు!” అని అరిచి, ఎవరైనా రాయి తీస్తారేమోనని ఆశగా చూశాను. ఒక అవ్వ వచ్చి నా గడ్డం పట్టుకుంది. “అయ్యో నాయనా, ఎండకు తల తిరిగినట్టుండాది. ఏమన్నా తిన్నావా?” అని ఇంటికి తీసుకెళ్ళి రాగిముద్ద పెట్టింది. ఆటకు జనం బాగానే వచ్చారు, తల తిరిగిన పిల్లోడు ఎట్లా ఉన్నాడో చూడ్డానికి. నేను పతివియోగంతో కుమిలిపోతుంటే వెనకనుంచి అవ్వ గొంతు వినపడింది: “ఇప్పుడెట్లుండాది నాయనా?” ఆ మాటకు డేరా అంతా “వన్స్ మోర్!” అంది. అప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

జనానికి కోపం రావాలన్నా మనకు ముందు కాస్త పేరుండాలట, ఆ సంగతి మామ చెప్పనే లేదు. ఉగాదికి చేనికి వచ్చేశాను. ఇన్నేళ్ళయినా, దారినపోయేవాళ్ళు గట్టుమీద ఆగి “ఎట్లుండావప్పా?” అంటే, బాగున్నానని చెప్పి, లేని పైట సర్దుకుని, వన్స్ మోర్ పడుతుందేమోనని ఒక్క క్షణం ఆగుతాను.