సత్తుగిన్నెలో థర్మోస్టాట్లు

పందెం అంటే చాలు, నాకు ఆకలి కూడా గుర్తుండదు. బడిలో పిల్లలు ఎవరి కాగితం విమానం ఎక్కువ దూరం పోయిందని తగువు పడితే, తగువు తీర్చాల్సిన టీచర్నైన నేనే టేపు పట్టుకుని మైదానంలోకి దిగుతాను. కాబట్టి ఆ ఆదివారం మా అమ్మ వంటింట్లో జరిగినదానికి పూచీ పూర్తిగా నాదే.

ముందు మా కారు సంగతి చెప్పాలి. ఇంకొకరు వాడి అమ్మిన పాత బండి అది. చీపురుపల్లి స్టేషన్ దగ్గర నిలబడే టాక్సీల్లో సగం ఆ మోడలే. వేసవి సెలవుల్లో నేనూ మా ఆయనా కళింగపట్నం బీచికి వెళ్లి తిరిగి వస్తుంటే, పొందూరు దగ్గర ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా ఎగబాకింది. బానెట్ ఎత్తితే గుప్పున ఆవిరి. మెకానిక్ చూసి, థర్మోస్టాట్ పట్టేసిందన్నాడు. అది ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఉండే చిన్న తలుపు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉంటుంది. లోపలి నీళ్లు మా బండిలో ఎనభై రెండు డిగ్రీలకు వేడెక్కగానే తెరుచుకుని, వాటిని చల్లబడడానికి రేడియేటర్‌లోకి వదులుతుంది. తెరుచుకోకపోతే ఇంజన్ ఉడికిపోతుంది. మన ఎండలకి అసలు అదెందుకండీ, పీకి పారేద్దాం అని మెకానిక్ సలహా. ఫిజికల్ సైన్స్ చెప్పి జీతం తీసుకునేదాన్ని, నాకు ఒళ్లు మండింది. కొత్తది తెస్తాను, వేసి తీరాలని చెప్పి వచ్చేశాను.

చిక్కంతా ఆ తేవడంలోనే వచ్చింది. మా అన్నయ్య ఆ ఏడాదే మెయిన్‌రోడ్డు మీద స్పేర్ పార్టుల కొట్టు తెరిచాడు. విశాఖపట్నంలో ఏళ్ల తరబడి ఒకరి కొట్లో జీతానికి నిలబడి, చివరికి సొంతంగా పెట్టుకున్నది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. బోణీ కోసం మా అమ్మ ఒక ఆయిల్ ఫిల్టర్ కొంది. అమ్మకి సైకిలు తొక్కడం కూడా రాదు. ఆ ఫిల్టర్ ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల పక్కన ఉంది.

అన్నయ్య కొట్లో కారు కంపెనీ పేరుతో వచ్చే ఒరిజినల్ పెట్టెలు తక్కువ, బయటివాళ్లు తయారుచేసినవి ఎక్కువ. చక్రం వెనక బురద ఆపే రబ్బరు ముక్క అయితే ఎవరు చేసింది వేసినా నాకు పట్టింపు లేదు. ఇంజన్ లోపలికి వెళ్లే వస్తువైతే మాత్రం తోడబుట్టినవాణ్ణి కూడా నమ్మను. అందుకని బస్సెక్కి విజయనగరం వెళ్లి, షోరూంలోనే ఒరిజినల్ కొని తెచ్చుకున్నాను. ఒక్క అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పడమంటే ఊళ్లో దండోరా వేయించడమే.

ఆదివారం చర్చి అయ్యాక అమ్మ ఇంట్లో అందరికీ భోజనం. పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. అన్నయ్య చేతిలో ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చి, దాన్ని నా ముందు పెట్టాడు. అందులో నా బండికి సరిపోయే థర్మోస్టాట్లే, బయటి కంపెనీవి. ఇజీనారం దాకా పోయి కొన్నావటగా అని మొదలుపెట్టాడు. కొన్నాను, నా ఇంజన్ నా ఇష్టం అన్నాను. కంపెనీలు మాత్రం సొంతంగా చేస్తాయా, అవీ బయట చేయించుకుని పేరు కొట్టుకునేవే కదా అన్నాడు. పేరు కొట్టేముందు పరీక్ష పెట్టి తీసుకుంటారు, నీవాటికి ఎవరు పెట్టారు అన్నాను. ఇద్దరి గొంతులూ వీధిలోకి పోతున్నాయి. మా ఆయన బుద్ధిమంతుడు, ఉల్లిపాయలు తరుగుతూ తల ఎత్తలేదు. అప్పుడు అన్నయ్య గొంతు తగ్గించాడు.

"నీ బండి బాగుండాలని కొన్నావు, నాను కాదన్ను. గాని టాక్సీ స్టాండులో అందరికీ తెలిసిపోనాది. సొంత సెల్లే నాకాడ కొనకపోతే ఊరోళ్లు కొంతారేటి?"

కొట్టు ఇంకా నిలదొక్కుకోలేదని నాకు తెలుసు. అది మూతపడితే మళ్లీ విశాఖపట్నం వెళ్లి ఇంకొకరి బల్ల వెనక నిలబడాలి, ఈ వయసులో. జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. కోపం వస్తే ఏదో ఒక ప్రయోగం గుర్తొస్తుంది. మాటలెందుకు, రెండూ మరగబెడదాం, సరిగ్గా తెరుచుకున్నదే నా బండికి అనేశాను. అన్నయ్య వెంటనే చొక్కా చేతులు మడిచాడు.

అమ్మ వద్దంటున్నా ఆమె పెద్ద సత్తుగిన్నె దింపాను. రసం గిన్నె అది, ఇంకో దానికి వాడితే ఆమెకి ప్రాణం పోయినంత పని. సణుక్కుంటూ కరివేపాకు కోసం పెరట్లోకి వెళ్లిపోయింది. బడి ల్యాబు థర్మామీటరు, నేను కొన్న కంపెనీది నా సంచిలోనే ఉన్నాయి. థర్మోస్టాట్ అంటే చూడడానికి బొటనవేలంత ఇత్తడి బుడ్డి, దాని చుట్టూ ఒక స్ప్రింగు, పైన గుండ్రటి మూత. బుడ్డిలో మైనం ఉంటుంది. వేడికి మైనం ఉబ్బి మూతని తెరుస్తుంది. అన్నయ్య స్క్రూడ్రైవర్‌తో మూతలు కొంచెం ఎత్తి పట్టుకుంటే, నేను వాటి నోట్లో దారం పెట్టాను. కంపెనీదానికి ఎర్రదారం, అన్నయ్యదానికి తెల్లదారం. ఆ దారాలతోనే రెండింటినీ అట్లకాడకి వేలాడదీసి, గిన్నెలో నీళ్లలోకి దించాను. నోరు తెరిచినప్పుడు దారం వదిలేసి, గిన్నె అడుగుకి పడిపోవాలి. ఇక అబద్ధం ఆడడానికి ఎవరికీ వీల్లేదు.

ఇద్దరం గిన్నె మీదికి వంగాం. డెబ్బై. డెబ్బై అయిదు. నా కళ్లజోడుకి ఆవిరి పట్టేస్తోంది, తుడుచుకుంటే ఆ క్షణంలోనే పడిపోతుందేమోనని భయం. ఎలక్షన్ కౌంటింగు రోజున కూడా నా గుండె అంతలా కొట్టుకోలేదు. మా ఆయన ఉల్లిపాయల చేతులతోనే వచ్చి నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఎనభై దాటింది. తెల్లదారం వణికింది. టప్‌మని అన్నయ్యది పడింది. దాని వెనకే, నేను ఊపిరి తీసుకునేలోపు, కంపెనీది పడింది.

అన్నయ్య అమ్మ తువ్వాలు తీసి గాల్లో గిరగిరా తిప్పాడు. నేనూ అరిచాను. ఓడిపోయినదాన్ని ఎందుకు అరిచానో తెలియదు గానీ గొంతు చించుకుని అరిచాను. ఒక్క డిగ్రీ తేడా లెక్కలోకి రాదు, రెండూ పాసే. మా ఆయన బావగారిని మంచి చేసుకునే అవకాశం వదులుకుంటాడా? అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా బావా అన్నాడు. ఆ మాటకి అన్నయ్య ముఖం వెలిగిపోయింది.

అప్పుడు అమ్మ పెరట్లోంచి కరివేపాకు పట్టుకుని వచ్చింది. అసలు పందెం చూడలేదని అలిగింది. తన గిన్నె, తన గ్యాసు, తనకి తప్ప అందరికీ చూపించామట. మళ్లీ పెట్టమంది. పడినవి ఇంకా కాలుతున్నాయి, ముట్టుకోలేం. దానికేముంది అని అన్నయ్య పెట్టెలోంచి ఇంకొకటి తీశాడు. గిన్నెలో చెంబుడు చన్నీళ్లు పోసి, దారం కట్టి దించాం. ఈసారి అమ్మకి ముందు వరస.

ఎనభై వచ్చింది. ఎనభై అయిదు. తొంభై. ఇప్పుడు పడుతుంది చూడమ్మా అంటున్నాడు అన్నయ్య. నీళ్లు తెర్లి బుడగలు పైకి వస్తున్నాయి. థర్మామీటరులో పాదరసం ఇంక ఎక్కడానికి లేక ఆగిపోయింది. తెల్లదారానికి అది అలాగే వేలాడుతోంది. పడదేటిరా అని అమ్మ మెల్లగా అడిగింది.

నేనన్నదే నిజమైంది. ఏమాత్రం సంతోషం కలగలేదు. ఏడుపొచ్చింది. మెతుకు సామెత ఒక కుండలో, ఒక మంట మీద ఉడికిన అన్నానికి సరిపోతుంది. ఈ పెట్టెలోవి ఒక్కొక్కటీ ఏ కుండలో ఉడికాయో మాకేం తెలుసు? మంచిది లేకపోలేదు, మొదటిది బంగారంలా తెరుచుకుంది. ఏది మంచిదో పైకి కనిపించదు, అంతే. మా ఆయన పొయ్యి కట్టేసి, మొదటిది పాసైంది కదా, మిగతావి ఎవరు చూశారు, ఈ మాట ఇంట్లోనే ఉంచుకుందాం అన్నాడు. అన్నయ్య వినిపించుకోలేదు. పెట్టెలో మేం తీసినవి కాక, ముందే ఖాళీగా ఉన్న గడి వైపు చూస్తున్నాడు.

ఆ గడిలోది ముందురోజు సాయంత్రం స్టాండులో ఒక టాక్సీ ఆయనకి అమ్మాడట. ఆయనకి ఈ మధ్యాహ్నం పెళ్లివారితో సాలూరు ఘాటు ఎక్కే కిరాయి ఉంది. ఎండలో, నిండుగా మనుషులతో, ఆ ఎత్తులో. అన్నయ్య ఫోను చేశాడు, తీయలేదు. మళ్లీ చేశాడు. తర్వాత నా వైపు చెయ్యి చాపాడు.

"నీ కంపెనీది ఇటియ్యి."

గిన్నె అడుగు నుంచి గరిటెతో తీసి, పైట చెంగులో చుట్టుకుని నేనూ బయల్దేరాను. స్కూటర్ మీద వెనక కూర్చుంటే దాని వేడి ఒళ్లో తెలుస్తోంది. అన్నయ్య బండిని అంత వేగంగా తోలడం నేనెప్పుడూ చూడలేదు. రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. గూడ్సు బండి, ఎంతకీ అవదు. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె. అన్నయ్య హారన్ కొడుతున్నాడు, రైలుకి. నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి నాకు. నీకు మళ్లీ ఇజీనారం నుంచి తెప్పిస్తాను అన్నాడు వెనక్కి తిరగకుండా. అక్కర్లేదు, ఇందాక పడిన నీదే వేస్తాను అన్నాను. వాడు హారన్ ఆపాడు.

టాక్సీ స్టాండులోనే ఉంది. అద్దాలకి అప్పుడే పూలదండలు కడుతున్నాడు ఆయన. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. పక్కన నలుగురైదుగురు డ్రైవర్లు టీ తాగుతున్నారు. వాళ్లందరి ముందూ ఎందుకు, పక్కకి పిలిచి చెప్పు అని నేను అన్నయ్య చెవిలో అన్నాను. వాడు స్టాండు కూడా వేయకుండా స్కూటర్ నా చేతిలో పెట్టి, తిన్నగా వెళ్లి అందరికీ వినిపించేలా చెప్పేశాడు.

"మావా, థర్మోస్టాట్ ఎట్టీసినావా? ఇప్పీ. నాను నీకిచ్చింది మంచిదో కాదో నాకు తెల్దు. అదే పెట్టిలోది ఒకటి మరగబెట్టి సూసినాం, తెరుసుకోనేదు. ఇది కంపెనీది, నా సెల్లి బండికి తెచ్చుకున్నాది. ఇది ఎట్టుకో."

టీ గ్లాసులు ఆగాయి. కొట్టు పని అయిపోయిందనుకున్నాను నేను. అయినా నా ఒళ్లంతా పొంగిపోతోంది. ఆ నిమిషంలో మా అన్నయ్య నాకు ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను. పదిమందిలో వాటేసుకుంటే బాగుండదని స్కూటర్‌నే గట్టిగా పట్టుకున్నాను.

టాక్సీ ఆయన నా చేతిలోంచి ఆ ఇత్తడి ముక్క తీసుకుని, ఇటూ అటూ తిప్పి చూశాడు. వేడిగా ఉందేటి అన్నాడు. ఎందుకు వేడిగా ఉందో చెప్పాను. మెకానిక్ పొద్దున్నే బిగించి వెళ్లాడట, బండి ఇంకా రోడ్డెక్కలేదు. ఆయన దండలు పక్కన పడేసి, బానెట్ ఎత్తి, స్పానర్ అందుకున్నాడు. అన్నయ్య కూడా వంగి గొట్టం పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పాతది తీసి కొత్తది బిగించి, మళ్లీ కూలెంట్ పోశారు. చివరికి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అడిగాడు.

"నీకాడ బ్రేకు లైనర్లు ఉన్నాయేటి?"

ఉన్నాయి గానీ అవి కూడా బయటివే, కంపెనీవి కావు అన్నాడు అన్నయ్య, నేల చూస్తూ.

"నానడిగింది ఉన్నాయా అని. ఏది మంచిదో, ఏది కాదో నువ్వే సెప్తావు కదేటి. రేపు పొద్దున్నే వస్తాను, కొట్టు తీసి ఉంచు."