ఓటరు జాబితాలో మా నాన్న

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో నేను చదివిన హిందీ బడిలో పౌరశాస్త్రం చెప్పే దీదీమణికి ఒక పిచ్చి ఉండేది. పుస్తకంలో ఉన్నదాన్ని పుస్తకంలో ఉండనిచ్చేది కాదు. పంచాయతీ పాఠం వస్తే బెంచీలు జరిపించి నిజంగానే పంచాయతీ పెట్టించేది. ఏడో తరగతిలో ఎన్నికల పాఠం వచ్చింది. నేను పుట్టినప్పటి నుంచీ ఒకటే సర్కారు కాబట్టి, ఎన్నికల్లో ప్రభుత్వాలు మారతాయని చదివి నేను భలే ఆశ్చర్యపోయాను. అంతవరకూ బాగానే ఉంది.

ఆ తర్వాత నా కర్మ కాలింది. ఇంట్లో రేషన్ కార్డు చూసి తండ్రి పేరూ వయసూ రాసుకు రమ్మంది. వాటితో ఓటరు జాబితా తయారుచేసి శుక్రవారం క్లాసులోనే పోలింగు పెడుతుందట. ఎవరి తండ్రి పేరు పిలిస్తే వాళ్ళు లేచొచ్చి ఆయన బదులు ఓటెయ్యాలి. పౌరుడికి తన పేరే మొదటి ఆస్తి అనీ, దాన్ని ఎవరూ లాక్కోలేరనీ బల్ల గుద్ది మరీ చెప్పింది. పిల్లలంతా తెగ సంబరపడ్డారు. నాకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మా నాన్నా పెదనాన్నా శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వచ్చినవాళ్ళు. ఓడలాగే డాక్‌లో ఉద్యోగం పెదనాన్నది. ఆయనకి దగ్గు పట్టుకుని ఎంతకీ తగ్గక ఊరెళ్ళిపోతూ, తన డ్యూటీ కార్డు నాన్న చేతిలో పెట్టాడు. మా క్వార్టర్స్‌లో అదేమంత వింత కాదు. అన్న కార్డు మీద తమ్ముడు, మామ కార్డు మీద అల్లుడు పనికెక్కడం ఇంకో రెండిళ్ళలోనూ ఉంది. అన్నదమ్ములిద్దరివీ ఒకే పోలికలు కాబట్టి ఫొటో పేచీ పెట్టలేదు. యూనియన్ దాదా ఒకాయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అందుకని ఆయన చెప్పిన గుర్తుకే నాన్న ఓటేసేవాడు. పెదనాన్నకి పెళ్ళాం పిల్లలు లేరు. రేషన్ కార్డుతో సహా అన్ని కాగితాల్లోనూ మా అమ్మ ఆయన పెళ్ళాం, నేను ఆయన కూతుర్ని.

నేను ఐదో తరగతిలో ఉండగా పెదనాన్న పోయినట్టు ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. మా ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు. పక్కింటికీ మాకూ మధ్య ఉన్నది పలచటి గోడ, ఆ పేరున్న మనిషేమో మర్నాడు డ్యూటీకి వెళ్ళాలి. నాన్న గుండు కూడా చేయించుకోలేదు. చేయించుకుంటే ఎవరు పోయారని అడుగుతారు. ఆ పది రోజులూ ఆయన నున్నగా తల దువ్వుకుని పనికెళ్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ మంట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మరి ఏ పేరు రాయాలి? అమ్మ వంకాయలు తరుగుతూ తలెత్తకుండానే కార్డులో ఉన్నదే రాయమంది. నాన్న దగ్గరికి వెళ్ళి, ఓటు రహస్యమనీ, ఎవరికేశామో పక్కనున్నవాడికి కూడా తెలియదనీ మా పాఠం ఒప్పజెప్పాను. ఈసారి నీకు నచ్చినవాళ్ళకి వెయ్యొచ్చు అని సలహా కూడా ఇచ్చాను.

"ఓటెవులికేసినానో ఆల్లకి తెల్దు. నానెవుల్నో తెలుసు గదే," అన్నాడు.

కార్డులో ఉన్నదే రాసుకెళ్ళాను. శుక్రవారం బల్ల మీద అట్టపెట్టె పెట్టి, పక్కన సిరా సీసా పెట్టారు. పోలింగు ఆఫీసరుగా కూర్చున్న పిల్ల పెదనాన్న పేరు పిలిచింది. మా ఇంట్లో ఆ పేరు పలకడం మానేసి రెండేళ్ళయింది. నేను లేవలేకపోయాను. ఇంకోసారి గట్టిగా పిలిచేసరికి ఎక్కడెక్కడి ఏడుపూ తన్నుకొచ్చింది. దీదీమణి కంగారుగా వచ్చి, ఇది మీ నాన్న పేరే కదా అని అడిగింది. కాదంటే నాన్న పని పోతుంది. క్లాసు క్లాసంతా నా నోటి వంకే చూస్తోంది. మా నాన్న పేరేననీ, కడుపునొప్పి వల్ల ఏడుస్తున్నాననీ చెప్పాను. వేలికి సిరా పూయించుకుని, చచ్చిపోయిన పెదనాన్న ఓటు డబ్బాలో పడేసి వచ్చి కూర్చున్నాను.

సాయంత్రం నాన్న నా వేలు చూసి అదేటని అడిగాడు. దెబ్బలు పడతాయనుకుంటూనే జరిగిందంతా చెప్పేశాను. ఆయన కొట్టలేదు. డాక్‌లో ఆ పేరు పిలిస్తే, మొదట్లో అన్న వెనకాల ఉన్నాడేమోనని తనూ తిరిగి చూసేవాణ్ణని చెప్పాడు. తర్వాత గొంతు బాగా తగ్గించాడు.

"నన్ను పేరెట్టి పిలిసేది మా అన్నొక్కడే. మీ యమ్మ పిలవదు. డాక్‌లో ఆల్లకి తెల్దు. ఒక్కపాలి నువ్వు పిలువమ్మా."

కన్నతండ్రిని పేరు పెట్టి పిలవడం మా ఇళ్ళలో ఎక్కడైనా ఉందా? పైగా గోడ అవతల పక్కింటివాళ్ళు గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ పేరు నాకు తెలుసు. పిలుద్దామనే నోరు తెరిచాను. "నాన్నా" అనే వచ్చింది.

ఆయన సరేనన్నట్టు తలూపి, సబ్బు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.